కిటికీలో వెలుగు దీపమా, సూర్యుడా?

నా పాత రష్యన్ నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంది. అందులో "బేలీ" అన్న మాట, అంటే తెలుపు, తొమ్మిది చోట్ల రాశాను. తెల్లటి మంచు, తెల్లటి పొలం, తెల్లటి ఇంటి కప్పులు, తెల్లటి దారి. తొమ్మిదింటి కిందా మా టీచర్ ఎర్ర గీత గీసి, పేజీ అడుగున ఒక్క ప్రశ్న రాశారు: "ఎక్కడ?"

వ్యాకరణం తప్పిందేమో అనుకున్నాను. ఆ రాత్రి కూర్చుని విభక్తులన్నీ మళ్లీ సరిచూసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

రష్యాలోని త్వేర్ నగరంలో నా మొదటి చలికాలం అది. మెడిసిన్ మొదలవక ముందు ఏడాది పాటు రష్యన్ నేర్పే పొద్‌ఫాక్‌లో ఉన్నాను. డిసెంబర్ నెలాఖరులో అక్కడ పగలు ఏడు గంటలు మించి ఉండదు. పొద్దున క్లాసుకు వెళ్లేటప్పుడు చీకటి, తిరిగొచ్చేటప్పుడు చీకటి. మధ్యాహ్నం మూడు దాటగానే లోపల ఏదో దిగజారిపోతున్నట్టు ఉండేది. సాయంత్రమంటేనే టెన్షన్. నాలుగింటికల్లా కర్టెన్ లాగేసి ట్యూబ్‌లైట్ వేసుకుని కూర్చునేదాన్ని. బయట ఏమవుతోందో ఒక్కరోజు కూడా చూడలేదు.

రష్యా బడుల్లో పిల్లల చేత బొమ్మ చూసి వ్యాసం రాయిస్తారు. "సొచినేనియె పొ కర్తీనె" అంటారు దాన్ని. బొమ్మలో ఏముందో, ముందు ఏది, వెనక ఏది, ఏ రంగులు, చూస్తే ఏమనిపించింది, అన్నీ రాయాలి. భాష నేర్చుకునే మాక్కూడా అదే పెట్టారు. నాకు వచ్చిన బొమ్మ నికొలాయ్ క్రీమొవ్ 1919లో వేసిన "జీమ్నియ్ వేచెర్", అంటే చలికాలపు సాయంత్రం. రష్యాలో బడికి వెళ్లిన వాళ్లలో ఈ బొమ్మ తెలియని వాళ్లు తక్కువ. పాఠ్యపుస్తకంలోనే ఉంటుంది.

"నెట్‌లో వందల వ్యాసాలున్నాయి, ఒకటి తీసి మాటలు మార్చెయ్" అంది పక్క గదిలోని సీనియర్ అక్క. నిజమే, ఉన్నాయి. నాలుగైదు చదివాను కూడా. ఒక చోట మాత్రం చిక్కొచ్చింది. బొమ్మలో ఒక ఇంటి కిటికీలో పసుపు వెలుగు ఉంది. కొందరు పిల్లలు లోపల దీపం వెలుగుతోందని రాశారు. కొందరు, దిగిపోతున్న సూర్యుడు అద్దంలో మెరుస్తున్నాడని రాశారు. కాపీ కొట్టాలన్నా ముందు ఎవరి పక్షమో తేల్చుకోవాలి. నేను దీపమని రాసి ఇచ్చేశాను. నాకు కావలసింది అదే కాబట్టి అలా రాశాను, చూసి కాదు.

బొమ్మ గురించి చెప్తాను. సగానికి పైగా మంచే. కింద గడ్డకట్టిన నది, ఒడ్డున పొదలు, అక్కడే వాలిన చిన్న పక్షులు. అక్కణ్ణుంచి చూపు మెల్లగా మెరక ఎక్కుతుంది. సన్నటి కాలిబాట. దాని మీద ఇళ్ల వైపు నడిచే మనుషులు, నల్లటి చిన్న గీతల్లాగా. ఎడమ పక్క గడ్డి వేసుకుని వస్తున్న గుర్రపు స్లెడ్జిలు. పైన మంచు కప్పిన చెక్క ఇళ్లు, వాటి వెనక చీకటి ముద్దలా చెట్లు, దూరంగా చర్చి శిఖరం. ఎవరి మొహమూ కనపడదు. ఏమీ జరగదు. ఒక రోజు అయిపోతోంది, అంతే.

రాయడానికి కూర్చుంటే నాకు మొదట అడ్డొచ్చింది రష్యన్ కాదు, తెలుగు. మనకు మంచు అంటే అన్నీ మంచే. ఆకాశం నుంచి రాలిపడేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే. రష్యన్‌లో దేని పేరు దానికుంది. రాలిపడేది స్న్యెగ్. గడ్డకట్టింది ల్యోద్. కొమ్మలకు బియ్యప్పిండి అద్దినట్టు పట్టేది ఇనెయ్. రాత్రి కొత్తగా పలచగా పడ్డది పరోషా. గాలి తోసుకొచ్చి కుప్ప పోసింది సుగ్రోబ్. పైన కరిగి మళ్లీ బిగుసుకుని, కాలేస్తే పెంకులా పగిలేది నాస్త్. ఈ మాటలన్నీ అట్టల మీద రాసుకుని బట్టీ పట్టాను. వాటిని వాడాలన్న ఉబలాటంలో బొమ్మను వదిలేసి మాటలే రాసుకుంటూ పోయాను. రంగు అడిగినప్పుడు మాత్రం ఒకటే మాట, తెలుపు.

ఆ "ఎక్కడ?" గురించి అడుగుదామని మర్నాడు టీచర్ దగ్గరికి వెళ్లాను. అక్కడ పెద్దవాళ్లను పేరు, తండ్రి పేరు కలిపి పిలవాలి. నాకు ఆ తండ్రి పేరు దగ్గర నాలుక తిరిగేది కాదు, అందుకే ప్రశ్న కూడా సగంలో ఆగిపోయింది. ఆవిడ బొమ్మను నా ముందు పెట్టి, ఒక తెల్ల కాగితాన్ని దాని పక్కన పెట్టారు. కాగితం పక్కన ఆ మంచు బూడిద రంగులో ఉంది. కింది వైపు నీలం, పైకి పోయేకొద్దీ కాస్త వంగపూల రంగు. తెలుపు అనదగ్గ చోటు వేలితో చూపించడానికి ఒక్కటి కూడా లేదు.

"చూడకుండా రాశారు మీరు. సెలవుల తర్వాత మళ్లీ రాసి తీసుకురండి" అన్నారు. అక్కడ టీచర్లు కాలేజీ పిల్లల్ని కూడా "మీరు" అనే అంటారు. ఆ "మీరు" వల్ల తిట్టు ఇంకా లోతుగా దిగింది.

క్రీమొవ్ ఎవరో అప్పుడు చదవడం మొదలుపెట్టాను. 1884లో మాస్కోలో పుట్టాడు. తండ్రి కూడా చిత్రకారుడే. మాస్కో చిత్రకళా విద్యాలయంలో చదివాడు, సెరోవ్, కొరోవిన్ లాంటి పేరున్న చిత్రకారులు అక్కడ పాఠాలు చెప్పే రోజుల్లో. విద్యార్థిగా ఉండగానే, 1906లో, "మంచు కింద ఇంటి కప్పులు" అని ఒక బొమ్మ వేశాడు. అది ఇప్పుడు మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీ సొత్తు. 1958లో చనిపోయేదాకా ఆయన్ని పట్టుకుని వదలని విషయం ఒకటుంది. దాన్ని టోన్ అంటారు. రంగు ఏదన్నది ఒక సంగతి, ఆ రంగులో ఆ క్షణాన ఎంత వెలుగుందన్నది ఇంకో సంగతి. రెండోది తప్పితే మొదటిది ఎంత కచ్చితంగా వేసినా బొమ్మ అబద్ధమవుతుందని ఆయన నమ్మకం. 1930లలో మాస్కోలో పాఠాలు చెప్పేటప్పుడు, ఒకే దృశ్యం రోజులో వేర్వేరు వేళల్లో ఎలా మారుతుందో చూపించే బొమ్మల పట్టిక కూడా తయారు చేశాడు.

వెలుగును కొలవడానికి ఆయన చెప్పిన సాధనం అగ్గిపుల్ల. వెలిగించిన అగ్గిపుల్లను నువ్వు చూసే దృశ్యానికి ఎదురుగా పట్టుకో. దాని మంట మారదు. దానితో పోల్చి గోడ ఎంత, ఆకాశం ఎంత, నేల ఎంత అని చూడు. సంగీతం వాళ్లు ట్యూనింగ్ ఫోర్క్ మోగించి శ్రుతి సరిచూసుకుంటారు, అలాగన్నమాట. చదివి బాగుందనుకున్నాను. అంతకు మించి ఏమీ అర్థం కాలేదు.

జనవరి సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయింది. గేటు దగ్గర డ్యూటీలో కూర్చునే పెద్దావిడ ఒకావిడ ఉంది, అందరం బాబుష్కా, అంటే బామ్మ, అంటాం. నేను రోజూ గదిలోనే ఉండిపోవడం చూసి, "మా ఊరు రా అమ్మాయ్, రెండు రోజులు ఉండి వద్దువు" అంది. లిఖోస్లావ్ల్ వైపు వెళ్లే ఎలెక్త్రీచ్కా, అంటే కరెంటు లోకల్ రైలు, ఎక్కాం. దిగిన స్టేషన్‌లో ప్లాట్‌ఫామ్ తప్ప ఏమీ లేదు. అక్కడి నుంచి నడక.

మైనస్ 18. ఫోన్ పది నిమిషాల్లో చచ్చిపోయింది, లోపలి జేబులో పెట్టుకుంటే గానీ మళ్లీ బతకలేదు. అంత చలిలో మంచు కాలి కింద కిర్రుమంటుంది, కొత్త చెప్పుల్లాగా. గాలి లేదు. పొగ గొట్టాల నుంచి పొగ నిటారుగా, దారం కట్టి లాగినట్టు పైకి పోతోంది.

ఊళ్లోకి వెళ్లే దారి ఒక మనిషి వెడల్పే ఉంది. నడిచి నడిచి మనుషులే తొక్కిన బాట అది. పక్కకు ఒక అడుగు వేశానో లేదో మోకాలి దాకా దిగబడ్డాను. బాబుష్కా ముందు, నేను వెనక. ఎదురుగా ఒకాయన బకెట్లతో వస్తే మేం పక్కకు జరిగి, మంచులో దిగబడి నిలబడి, దారి ఇచ్చాం. బొమ్మలో వాళ్లు ఎందుకు అలా సన్నగా బారు కట్టి నడుస్తున్నారో అప్పుడు తెలిసింది. పక్కపక్కన నడిచి కబుర్లు చెప్పుకోవడానికి అక్కడ చోటుండదు.

ఆవిడ ఇల్లు చెక్క ఇజ్బా. కిటికీల చుట్టూ లేసు అల్లినట్టు చెక్కిన చట్రాలు. గోడల అడుగున మంచును పారతో ఎత్తి ఒత్తి పెట్టారు, చలి గాలి లోపలికి రాకుండా. మంచే దుప్పటి. లోపల సగం గదిని పొయ్యి ఆక్రమించింది. దాని మీదకు ఎక్కి పడుకోవచ్చు.

మర్నాడు ఎండ కాసింది. మధ్యాహ్నం రెండింటికి అగ్గిపెట్టె అడిగి తీసుకుని పెరట్లోకి వెళ్లాను. "పొయ్యి లోపలుంది, బయటికి ఎందుకు?" అంది బాబుష్కా. చెప్పడానికి నా రష్యన్ సరిపోలేదు. గ్లవుజు తీసి పుల్ల గీశాను. చుర్రుమంది, వేళ్లకు వేడి తెలుస్తోంది, గంధకం వాసన వస్తోంది, కానీ మంట కనపడలేదు. ఎండలో ఉన్న మంచుకు ఎదురుగా పట్టుకుంటే పుల్ల తల నల్లగా వంకర తిరుగుతోంది, అంతే. మంట ఉండాల్సిన చోట గాలి కొంచెం వణుకుతోంది. నిప్పు కన్నా మంచు ఎక్కువ వెలుగుతోంది. ఇంకో రెండు పుల్లలు వృథా చేశాను, నమ్మలేక.

నాలుగున్నర దాటాక మళ్లీ వెళ్లాను. సూర్యుడు అడవి వెనక్కి దిగిపోయాడు. నా కంటికి మంచు ఇంకా తెల్లగానే ఉంది. పొద్దుటి నుంచీ తెల్లగా చూశాను కదా, మనసు ఒప్పుకోదు. పుల్ల గీశాను.

మంట బంగారు గింజలా నిలబడింది. దాని వెనక పెరడు మొత్తం ఒక్కసారిగా నీలి బూడిద రంగులోకి పడిపోయింది. ఎవరూ దీపం ఆర్పలేదు, మబ్బు రాలేదు. అది అప్పటికే ఆ రంగులో ఉంది, నాకు తెలియలేదంతే. షెడ్డు కప్పు మీది మంచు కొంచెం లేత, కంచె దగ్గర సుగ్రోబ్ నీడ వైపు సీసం రంగు, పాదముద్రల గుంటల్లో దాదాపు సిరా. పుల్ల ఆరిపోయింది. ఈసారి మంచు తిరిగి తెల్లబడలేదు. ఒకసారి చూశాక ఇక అది పోదు.

అగ్గిపెట్టె సగం అయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఐదు నిమిషాలకొక పుల్ల. ప్రతిసారీ మంట కొంచెం పెద్దదవుతున్నట్టు, మంచు కొంచెం వెనక్కి జరుగుతున్నట్టు. దీన్నే అక్కడ సుమెర్కి అంటారు, మునిచీకటి. రష్యన్‌లో ఆ మాటకు ఎప్పుడూ బహువచనమే. అలా ఎందుకో వ్యాకరణం పుస్తకం చెప్పదు. ఆ పెరట్లో నిలబడితే మాత్రం సరైనదే అనిపించింది, ఒకటి కాదు, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి కాబట్టి.

నెలన్నర పాటు కర్టెన్ వేసుకుని దాక్కున్నది దీని నుంచేనా అనుకుంటే ఏడుపొచ్చింది. చలికి కనురెప్పలు అంటుకున్నాయి.

సెలవుల తర్వాత వ్యాసం మళ్లీ రాశాను. "బేలీ" ఒక్కసారీ లేదు. నీలం, బూడిద, సీసం, పాలలో సిరా చుక్క కలిపినట్టు, ఇలా తెలిసిన మాటలన్నీ పెట్టాను. కాలిబాట గురించి ఒక పేరా. కిటికీ గురించి ఒక వాక్యం: "లోపల దీపం వెలిగించారు." ఈసారి చూసే రాశాను. ఆ ఊళ్లో సూర్యుడు అద్దంలో మెరవడం కూడా చూశాను నేను. రాగి పళ్లెం తోమి పెట్టినట్టు మండుతుంది, చూస్తూ ఉండలేం, రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. క్రీమొవ్ కిటికీలో ఉన్నది అంత దూకుడుగా లేదు. మెత్తటి పసుపు.

టీచర్ వ్యాసం తిరిగి ఇచ్చారు. ఎర్ర గీతలు మామూలు తప్పులకే ఉన్నాయి. కిటికీ వాక్యం పక్కన మాత్రం పెన్సిల్‌తో "సూర్యుడు" అని రాశారు. క్లాసు అయ్యాక పిలిచి కారణం చెప్పారు. 1919 అంటే అంతర్యుద్ధం నడుస్తున్న ఏడు. మాస్కోలో కట్టెలు లేక జనం సామాన్లు, కంచెలు పొయ్యిలో పెట్టుకున్నారు. రొట్టె రేషన్. బాకూ చమురు అందక కిరోసిన్‌కు కరువు. పల్లెల్లో మళ్లీ లుచీనా, అంటే సన్నగా చీల్చిన చెక్క పేళ్లు, వెలిగించుకుని బతికారు. "బయట ఇంత వెలుగు మిగిలి ఉండగా ఎవరు దీపం పెడతారు? అంత సంపద ఎవరి దగ్గరుంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి బొమ్మ ఇంకోలా కనపడింది. ఆకలి, చలి, యుద్ధం ఉన్న ఏడాదిలో కూర్చుని ఈయన గడ్డి బండి వేశాడు, ఇంటికి పోయే మనుషుల్ని వేశాడు, పిట్టల్ని వేశాడు. యుద్ధం ఒక్క గీతలోనూ లేదు. తప్పించుకున్నాడని నేను అనుకోను. అంత కచ్చితంగా వెలుగును కొలిచినవాడు కళ్లు మూసుకున్నవాడు కాడు.

మార్చిలో లాస్తోచ్కా రైలెక్కి మాస్కో వెళ్లి, లవ్రూషిన్‌స్కీ సందులో త్రెత్యకోవ్ గ్యాలరీ చూశాను. మంచు బొమ్మలకే తిరిగాను, మిగతావి ఆ రోజు నాకు అక్కర్లేదు. లెవితాన్ "మార్చి" ముందు చాలాసేపు నిలబడ్డాను. 1895లో మా త్వేర్ ప్రాంతంలోనే, గోర్కా అనే ఎస్టేట్‌లో వేశాడు దాన్ని. గుమ్మం ముందు స్లెడ్జితో ఎదురుచూసే గుర్రం, సగం తెరిచిన తలుపు, మంచు మీద పచ్చి నీలం నీడలు. గ్రబార్ "ఫిబ్రవరి నీలం" దగ్గర ఇంకో సంగతి గుర్తొచ్చింది. 1904లో ఆ బొమ్మ కోసం ఆయన మాస్కో దగ్గర దూగినోలో మీటరు పైన లోతున మంచులో కందకం తవ్వి, అందులో దిగి నిలబడి వేశాడు, భూర్జ చెట్టును కింది నుంచి చూడాలని. ఎండలో మంచు నుంచి వచ్చే మెరుపు కాన్వాస్ మీద పడకుండా నీలం రంగు పూసిన గొడుగు పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె పట్టుకుని పెరట్లో నిలబడ్డ మనిషిగా నాకు ఆ గొడుగు బాగా అర్థమైంది.

కిటికీ సంగతి తేలలేదు. టీచర్ ఇప్పటికీ సూర్యుడే అంటారు. ఎప్పుడు కనపడినా "ఏం, మనసు మారిందా?" అని అడుగుతారు.

పోయిన చలికాలం మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఈసారి బొమ్మ ప్రింట్ తీసుకెళ్లాను. బాబుష్కా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. చేతులు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, కాగితాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి పట్టుకుంది. క్రీమొవ్ ఎవరో ఆవిడకు గుర్తులేదు, బొమ్మ గుర్తుంది, బళ్లో చూసిందట. కిరోసిన్ కరువు సంగతి, టీచర్ వాదన, నా వాదన అన్నీ చెప్పాను. ఇప్పుడు చెప్పగలను. ఆవిడ విననట్టే బొమ్మనే చూసింది. తర్వాత కాలిబాట మీది మనుషుల మీద వేలు పెట్టింది.

"వీళ్లు ఇంటికి వస్తున్నారు కదమ్మాయ్" అంది. "వచ్చేసరికి వెలిగించకుండా ఉంటారా?"

కాగితం నా చేతికి ఇచ్చేసి, లేచి పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.